కొసలు లేని రెక్క

మా నాన్న ఒనెజీమ్ పీపాలు చేసేవాడు,
షరాంత్ నది ఒడ్డున, బ్రాందీ ఆవిరికి
గోడలన్నీ నల్లబడ్డ వీధిలో.
ఆయనకు తెలిసిన ధర్మం ఒక్కటే:
కారకూడదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు సంత మైదానంలో విమానం దిగింది.
ఊరంతా రెక్కల్ని చూసింది.
ఆయన మాత్రం, ఎద్దు పళ్ళు చూసే బేరగాడిలా
వంగి వంగి రెక్కల చివర్లు చూశాడు.
రాత్రి సూప్ చల్లారిపోతుంటే అన్నాడు:
"సిడోనీ, అది చిల్లు పీపా."

మర్నాడు పీపా కుళాయి విప్పి
ధార పక్కన చెంచా వేలాడదీయమన్నాడు,
వీపు నీటివైపు, కాడ రెండు వేళ్ళ మధ్య వదులుగా.
నీళ్ళు నెట్టేస్తాయనుకున్నాను.
చెంచా ధారలోకి దూకింది!
నీరు ఆ వంపుని వదల్లేక
వీపు వెంటే జారి, అవతలికి మళ్ళి పడింది.
"అది నీటిని అటు తిప్పింది,
నీరు దాన్ని ఇటు లాగింది. చెల్లుకి చెల్లు.
గాలిదీ ఇదే లెక్క.
రెక్క గాలిని కిందికి తోస్తే
గాలి రెక్కని పైకి తోస్తుంది."

"మరి చిల్లు?"

"రెక్క కింద గాలి కిక్కిరిసి ఉంటుంది, పైన పలచన.
కొస కనబడితే చాలు, కింది గాలి
అంచు చుట్టూ దొర్లి పైకెక్కుతుంది, సుడులు సుడులుగా.
అక్కడే కారిపోతోంది పడ్డ కష్టమంతా."
ఉలి తుడుచుకుంటూ, నాతో కాదు, ఉలితోనే అన్నాడు:
"కొసే లేకపోతే?"

చలికాలమంతా పోప్లార్ బద్దలు
నిప్పు మీద ఆవిరి పట్టి వంచాడు.
ముందంచు మందం, వెనకంచు పలచన,
మీద జిగురు పూసిన నారగుడ్డ.
ఇద్దరు మనుషుల ఎత్తున
మా వాకిట్లో ఒక గుండ్రటి రెక్క నిలబడింది.
పక్కింటి ఫుల్‌జాన్స్ పొగాకు నములుతూ అడిగాడు,
"ఈ పీపాకి అడుగేదయ్యా?"
"ఇందులో పోసేదానికి అడుగు అక్కర్లేదు."

ఇంజను లేదు. గుర్రం లాగాలి.
నాన్న బరువు, పనివాడు బాప్తిస్తెన్ ఇంకా బరువు.
ఇద్దరూ ఒకేసారి నావైపు చూశారు.
అమ్మ గరిటె కింద పెట్టింది.
"రెక్కకి కొస లేకపోవచ్చు. నా ఓపికకి ఉంది."

నన్ను కాటాలో కూర్చోబెట్టి
రెండో తట్టలో అక్రోట్లు పోసింది,
ముల్లు నిలబడేదాకా, చెక్కబూట్లతో సహా.
ఆ బస్తాకే నాన్న నా కండువా కట్టాడు.

ఏప్రిల్ పచ్చిక.
నన్ను గట్టు మీద నిలబడమన్నారు.
కింది నుంచి ఎలా ఉంటుందో చూడాలని
వెళ్ళి గడ్డిలో వెల్లకిలా పడుకున్నాను.
గుర్రం పరిగెత్తింది, తాడు బిగిసింది.
ఉంగరం కాస్త ముక్కెత్తింది:
పైవంపు గాలిని పట్టింది, కిందివంపు పట్టింది,
పక్కవంపులు రెండూ ఊరికే పెళ్ళిపెద్దల్లా నిలబడ్డాయి.
లేచింది.
నా మీదుగా వెళ్ళింది.

నలభై అడుగులు పోయిందన్నాడు బాప్తిస్తెన్. నాన్న అరవై అన్నాడు.
కాలవ చూసి గుర్రం ఆగింది, రెక్క ఆగలేదు.
నదిలో పడి విరిగింది, బస్తా పిగిలింది,
అక్రోట్లు బాతుపిల్లల్లా సెంత్ వైపు తేలిపోయాయి.
అమ్మ ఏమీ అనలేదు, ఆ చలికాలం కేకులు చెయ్యలేదు, అంతే.
మిగిలిన వంపుల్లో ఒకదాని కింద కోళ్ళు పెరిగాయి.

నాన్న పోయిన చాన్నాళ్ళకి ఎక్కడో చదివాను:
ఉంగరపు రెక్క కూడా కారుతుందట,
అంతే వెడల్పున్న మామూలు రెక్క కంటే సగమే కారుతుందట.
ఆయనకు చెప్పినా సంతోషించేవాడు కాదు.
సగం కారే పీపాని మా వీధిలో ఎవరు కొంటారు?

కానీ అది నా మీదుగా వెళ్ళినప్పుడు
గడ్డంతా ఒక్కసారి పడుకుంది.
పై నుంచి ఒక గాలి దిగి
నా ముఖాన్ని, ఛాతీని, చెక్కబూట్లని
నేలకి నొక్కింది.
కాటాలో కూర్చున్నప్పుడు కాదు,
నేనెంత బరువో నాకు తెలిసింది అప్పుడే.